శీతోష్ణస్థితిలో వాన ఏదీ?

భూగోళం పాఠాల్లో క్లైమేట్‌కి మనం రాసే మాట ‘శీతోష్ణస్థితి’. శీతం, ఉష్ణం, స్థితి కలిపిన సంస్కృత సమాసం. శీతోష్ణ అన్న జంట కొత్తదేం కాదు, భగవద్గీత రెండో అధ్యాయంలోనే ఉంది. అయితే అక్కడ అది మనిషి ఓర్చుకోవాల్సిన ద్వంద్వం, ఊరి లక్షణం కాదు. దానికి ‘స్థితి’ తగిలించి క్లైమేట్‌కి సరిపెట్టారు.

నాకు ఈ మాట మీద ఉన్న అభ్యంతరం ఒకటే. ఇందులో వాన లేదు, గాలీ లేదు. బళ్ళారీ, యానామూ రెండూ ఎండకి పేరుపడ్డవే. కానీ బళ్ళారిలో ఏడాదికి 500 మిల్లీమీటర్ల దరిదాపు వాన, యానాంలో దానికి రెట్టింపు. అక్కడ జొన్న, ఇక్కడ వరి. రెండూళ్ళ మధ్య అసలు తేడా ఏదో దాన్నే ఈ మాట వదిలేసింది!

పక్క భాషలు చూడండి. తమిళంలో ‘తట్పవెప్పనిలై’ అచ్చం మన కట్టే: చలి, వేడి, నిలకడ. లోపమూ అదే. ఇప్పుడు వాళ్ళు ‘కాలనిలై’ అని కూడా అంటున్నారు. కన్నడ, మరాఠీల ‘హవామాన’లో హవా అరబ్బీ, మానం సంస్కృతం. పండితులకి రుచించని సంకరమే గానీ, బడి పిల్లాడి నుంచి రైతు దాకా అందరి నోటా ఆడుతోంది. ఒడియావాళ్ళది ‘జళబాయు’, అంటే నీరూ గాలీ. పార్సీ ‘ఆబ్-ఒ-హవా’ కూడా అక్షరాలా అదే అర్థం.

నాకు నచ్చింది ఇదే, ఎందుకంటే ఈ ఊహ మన నోట్లో ముందునుంచీ ఉంది. కొత్త ఊరికెళ్ళి జబ్బుపడితే ‘ఆ ఊరి నీళ్ళు పడలేదు’ అంటాం, ‘గాలి మార్పు’కి పంపిస్తాం. శీతోష్ణస్థితి పడలేదని ఎవరూ అనరు కదా.

ఈలోగా పత్రికలు ‘వాతావరణ మార్పు’ని ఖాయం చేసేశాయి. వాతావరణం అంటే భూమిని చుట్టిన గాలి పొర. రేపటి వానకీ అదే మాట, ముప్పై ఏళ్ళ సగటుకీ అదే, ఇంట్లో మొగుడూపెళ్ళాల పోట్లాటకీ అదే. దీనికన్నా శీతోష్ణస్థితే నయం, కనీసం ఒక్క పనే చేస్తుంది.

గంజాం వైపు, షోలాపూర్ వైపు మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు దీన్ని ఏమంటారో రాయండి. బళ్ళో నేర్చిన మాట కాదు, నోటి మాట.