ఒక్క గడి

ఆట అయిపోగానే లేచి వెళ్లకూడదు. నేను చదరంగం నేర్చుకుంటున్న అకాడమీలో మొదటిరోజే చెప్పిన కట్టడి ఇది. గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ కలిసి వెనక బల్ల దగ్గరికి వెళ్లాలి. పావులు మళ్లీ పేర్చాలి. రాసుకున్న ఎత్తులు చూస్తూ ఆటంతా ఇంకోసారి ఆడాలి. ఎక్కడ ఏమనుకున్నావు, ఎదుటివాళ్లు ఏం చేస్తారని భయపడ్డావు, ఏది అసలు కనిపించనే లేదు, అన్నీ ఒకరికొకరు చెప్పుకోవాలి. పిల్లలు దీన్ని ఎనాలిసిస్ అంటారు. యాభై ఆరేళ్ల వయసులో, ఎనిమిది నెలలుగా, శని ఆదివారాల సాయంత్రాలు నేను ఆ మెట్లు ఎక్కుతున్నది ముఖ్యంగా ఆ వెనక బల్ల కోసమే.

అకాడమీ అంటే విజయవాడలో ఓ మేడ మీది రెండు గదులు. చాపల్లా చుట్టిపెట్టే బోర్డులు, ప్లాస్టిక్ పావులు, డిజిటల్ గడియారాలు, గోడకు ఒక పెద్ద డెమో బోర్డు, దాని పక్కన కోనేరు హంపి ఫొటో. పిల్లలు ఇరవై మంది దాకా ఉంటారు. పెద్దవాణ్ని నేనొక్కణ్నే. కోచ్‌కి ముప్పై దాటి ఉండవు. నన్ను మీరు అంటారు గానీ హోంవర్క్ దగ్గర పిల్లలకీ నాకూ తేడా చూపించరు. అది నాకు దక్కిన గౌరవమనే అనుకుంటాను.

ఆట నాకు కొత్త కాదు. ఊళ్లో ఇంటి అరుగు మీద నాన్న నేర్పారు. చెక్క పావుల్లో రెండు బంట్లు ఎప్పుడో పోతే వాటి బదులు చింతపిక్కలు పెట్టుకునేవాళ్లం. రాజు, మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం, బంటు: నా ఆలోచన ఇప్పటికీ ఆ పేర్లతోనే నడుస్తుంది. నాన్నది పాత పద్ధతి. మొదటి ఎత్తులోనైనా సరే బంటు ఒక్క గడే కదలాలి. కోట కట్టడం ఉండదు. దానికి బదులు రాజు ఆట మొత్తం మీద ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు, అదీ అప్పటిదాకా చెక్ పడకుండా ఉంటేనే. అవతలి చివర చేరిన బంటు మంత్రే అయిపోదు, ఏ గడిలో చేరిందో ఆ గడికి చెందిన పావు అవుతుంది. మన దేశంలో చాలాచోట్ల చిన్నచిన్న తేడాలతో ఇలాగే ఆడేవారు. పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ ముందు దేశవాళీ ఆటే నేర్చుకున్నారు. అంతర్జాతీయ నియమాలు ఆ తర్వాత తెలుసుకుని, 1929, 1932, 1933లలో బ్రిటిష్ చాంపియన్ అయ్యారు. అంతకు కొద్ది కాలం ముందు వరకూ ప్రపంచ చాంపియన్‌గా ఉన్న కాపబ్లాంకాను సైతం ఓడించారు. కోచ్ ఈ సంగతి చెప్పిన రోజు, ఇంటికి వెళ్లేదాకా నాన్నే కళ్లముందు మెదిలారు.

అరుగు మీద ఆటలో ఒక్కటే లేదు. ఆటకట్టు అయిందంటే పావులన్నీ ఒక్క చేత్తో పోగేసేవాళ్లం. “ఇంకొకటి వేద్దాం” అనేవారు నాన్న. ఎందుకు ఓడానని నేను అడగలేదు, ఎలా గెలిచానని ఆయన చెప్పలేదు. ఆట ఎక్కడా రాసి ఉండదు కాబట్టి వెనక్కి వెళ్లి చూసే దారీ లేదు. ఒకే తప్పును నేను ఎన్నేళ్లు చేసి ఉంటానో!

ఇక్కడ ప్రతి ఎత్తూ రాయాలి. ముందు ఆడాలి, తర్వాతే రాయాలి. రాసుకుని చూసి ఆడకూడదు. పావు ముట్టుకుంటే దాన్నే ఆడాలి. రెండో వారంలో నేను గుర్రం మీద వేలు పెట్టి, మనసు మారి శకటు వైపు చెయ్యి చాపాను. ఎదురుగా ఉన్న ఆరో తరగతి అమ్మాయి తలెత్తకుండానే, “అంకుల్, గుర్రం ముట్టుకున్నారు” అంది. ఆ గొంతులో కోపం లేదు, పెద్దవాళ్లకు చెబుతున్నానన్న బెదురూ లేదు. గుర్రమే ఆడాను. చిన్నపిల్లల్ని కోచ్ చేతులు తొడల కింద పెట్టుకుని ఆలోచించమంటారు. నేనూ అలాగే కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. చెయ్యి బిగించుకుంటే చూపు బోర్డంతా తిరుగుతుంది.

పోయిన నెల అదే అమ్మాయితో ఆడిన ఆట గురించి చెప్పాలి. గంటకు పైగా సాగి, చివరికి బోర్డు మీద మూడే పావులు మిగిలాయి. నా తెల్లరాజు డీ4 గడిలో, ఆమె నల్లరాజు డీ6లో. ఇద్దరి మధ్య ఒక్క ఖాళీ గడి. ఆటంతటా కదలని నా రాజు ముందరి బంటు ఇంకా ఈ2లోనే ఉంది. ఎత్తు నాది. బంటును అవతలికి చేరిస్తే గెలుపు. ఆ బంటుకు రెండు గళ్లు వెళ్లే హక్కు ఇంకా ఉంది. గడియారంలో నిమిషం కూడా లేదు. ఈ4కి తోసేశాను.

ఆమె రాజు మెల్లగా ఈ6కి వచ్చి నా బంటుకు ఎదురుగా నిలబడింది. అంతే, ఇక నేనేం చేసినా ముందుకు దారి లేదు. ఆట డ్రా అయింది.

వెనక బల్ల దగ్గర ఆ అమ్మాయి మొదటి ఎత్తుల జోలికి పోలేదు. సరాసరి ఆ మూడు పావులే పేర్చింది. “ఇక్కడ ఒక్క గడే జరిపి ఉంటే నేను ఓడిపోయేదాన్ని అంకుల్” అంది. నేను నమ్మలేదు. తోసింది రెండు గళ్లయినా ఒక్క గడయినా తర్వాతి ఎత్తు ఆమెదే కదా! తేడా ఎక్కడుంది? అప్పుడు ఆడి చూపించింది. రాజులిద్దరూ అలా ఎదురెదురుగా ఉన్నప్పుడు ఎవరి వంతు వస్తే వాళ్లే పక్కకు తప్పుకోవాలి. బంటు ఈ3లో ఉంటే, ఆమె రాజు ఈ6కి రాగానే నా రాజు ఈ4కి వెళ్లి మళ్లీ ఎదురు నిలబడేది. ఆమె మళ్లీ తప్పుకోవాలి, నేను ఇంకో అడుగు లోపలికి వెళ్తాను. నేను ఆడిన ఆటలో ఆ ఈ4 గడిలో నా బంటే నిలబడి ఉంది. రాజు ఉండాల్సిన చోటును నేనే మూసేశాను. నల్లరాజును అటూ ఇటూ, వెనక్కీ జరిపి చూశాను. ఎటు పోయినా తెలుపే గెలిచింది.

నాన్న పద్ధతిలో అయితే ఆ బంటుకు ఈ3 తప్ప వేరే గడే లేదు. ఆయన నేర్పిన ఆట ఆడి ఉంటే గెలిచేవాణ్ని. ఈ మాట పైకే అన్నాను. అర పాయింటు పోయినందుకు బాధ అప్పటికే పోయింది. నలభై ఏళ్లు ఆడి కూడా రాజు ముందు నడవాలి, బంటు వెనక రావాలి అన్న చిన్న సంగతి నాకు తెలియలేదు. ఆ సాయంత్రం తెలిసింది.

అందుకే తలుపు దగ్గర ఎదురుచూసే అమ్మానాన్నలకు ఒక్క మాట. పిల్లలు బయటికి రాగానే మీరు “గెలిచావా?” అని అడుగుతారు. ఓడాడని తెలిస్తే చెయ్యి పట్టుకుని వెంటనే బండెక్కించేస్తారు. ఎనాలిసిస్‌కు కూర్చోనివ్వరు. దయచేసి ఆ అరగంట వాళ్లకు వదిలేయండి. మీరు కట్టిన ఫీజుకు అసలు చదువు అక్కడే దొరుకుతుంది. గోడ మీది ఫొటోలో ఉన్న హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ మహిళల ర్యాపిడ్ పోటీల్లో ఆవిడ మొదటి రౌండే ఓడిపోయారు. అయినా మొత్తం 11 రౌండ్లలో 8.5 పాయింట్లకు చేరి, 2019 తర్వాత రెండోసారి చాంపియన్ అయ్యారు. మొదటి రౌండ్ అయ్యాక తలుపు దగ్గర ఎవరైనా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లిపోయి ఉంటే?

పోయిన ఆదివారం నాన్న చెక్కపెట్టె అకాడమీకి తీసుకెళ్లాను. ఆ అమ్మాయే అడిగింది, మీ నాన్నగారి ఆట ఒక్కటి ఆడదామని. కోచ్ సరేనన్నారు. చింతపిక్కలు రెండూ నా వైపు పెట్టుకున్నాను. రాజు గుర్రంలా దూకడం గురించి రెండుసార్లు అడిగి తెలుసుకుంది. తర్వాత చేతులు తొడల కింద పెట్టుకుని చాలాసేపు బోర్డు చూసింది. తెల్లపావులు ఆమెవి. రాజు ముందున్న బంటును ఒక్క గడి జరిపి, గడియారం నొక్కి, నోట్‌బుక్‌లో రాసుకుంది: ఈ3.