ముప్పై అయిదా, యాభయ్యా: లష్కర్ వీధుల్లో ఒంటి లెన్సు

లెన్సు కేంద్రానికీ, దూరాన ఉన్న వస్తువు ప్రతిబింబం స్పష్టంగా ఏర్పడే తలానికీ నడుమ ఉండే దూరాన్ని నాభ్యంతరం అంటారు, దాన్ని మిల్లీమీటర్లలో చెబుతారు. ఈ దూరాన్ని తిప్పి మార్చుకోవడానికి వీలున్నది జూమ్ లెన్సు కాగా, తయారైననాటి నాభ్యంతరంతోనే చివరిదాకా ఉండేది ప్రైమ్ లెన్సు. సినిమా కెమెరామెన్లు దీన్నే బ్లాక్ లెన్సు అంటారు. నిత్యం కెమెరా భుజాన వేసుకుని బయలుదేరేవారికి ఏ ప్రైమ్ మేలన్న చర్చ ఎక్కువగా నేపథ్యం ఎంత మసకబారుతుంది, అంచుల్లో వివరం ఎంత పదునుగా వస్తుంది అన్న లెక్కల చుట్టూ తిరుగుతుంది. ఆ లెక్కలకు విలువ లేకపోలేదు గాని, అవి రెండో వరుసలో నిలవదగినవి. నాభ్యంతరాన్ని ఎంచుకోవడమంటే ముందుగా ఎదుటి మనిషికి ఎంత దూరంలో నిలబడాలో ఎంచుకోవడం, ఆ దూరాన్ని నిర్ణయించడంలో ఫొటోగ్రాఫరు అభిరుచికి ఎంత వాటా ఉందో ఊరి వీధుల వెడల్పుకూ అంతే వాటా ఉంది.

లష్కర్ అని కూడా పిలిచే సికింద్రాబాదులో ఈ విషయానికి నూట ముప్పై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో ప్రభుత్వోద్యోగం చేస్తూ ఫొటోగ్రఫీలో పేరు తెచ్చుకున్న లాలా దీన్ దయాళ్, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆదరణ పొంది 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరిచారు. రాజా బహద్దూర్ ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు ఆయనకు దక్కింది ఆ నిజాం నుంచే. ఆయన పనిచేసిన కాలంలో ఫొటోగ్రాఫర్ల దగ్గర జూమ్ అన్నది లేదు. ఫొటోను పెద్దది చేసి అచ్చువేయడం కూడా అరుదు గనుక గాజు పలక ఎంత ఉంటే కాగితం మీది చిత్రమూ అంతే ఉండేది, అంటే చట్రంలో ఏది ఉండాలి, ఏది పోవాలి అన్నది ముక్కాలి పీట నిలిపినచోటే తేలిపోవాలి. కెమెరా వెనుక నల్లగుడ్డ కప్పుకుని, గరుకు గాజుమీద తలకిందులుగా కనిపించే ప్రతిబింబాన్ని చూసి, మనిషి చిన్నగా కనిపిస్తే బరువైన కెమెరానూ ముక్కాలి పీటనూ ముందుకు జరపడమో, లెన్సు విప్పి మరొకటి బిగించడమో తప్ప వేరే దారి లేదు. కర్జన్ దంపతులు 1902లో వరంగల్ ప్రాంతపు నెక్కొండ దగ్గర వేటాడిన పులితో నిలబడిన ప్రసిద్ధ చిత్రమైనా, దర్బారు బృంద చిత్రాలైనా, భవనాల ముఖద్వారాలైనా, దీన్ దయాళ్ చిత్రాల్లో మనుషుల చుట్టూ, కట్టడాల చుట్టూ కనిపించే కొలిచినట్టున్న ఖాళీ ఈ అడుగుల లెక్కలోంచి వచ్చిందే. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో ఆయన ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పి, దాన్ని కెన్నీ-లెవిక్ అనే ఆంగ్లేయ మహిళకు అప్పగించడంలో కూడా, కెమెరాకూ మనిషికీ నడుమ దూరం యంత్రానికి సంబంధించిన సంగతి మాత్రమే కాదన్న ఎరుక ఉంది. ఆ సంస్థ గాజు నెగెటివ్‌లలో 2,857ను ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించడం వల్ల ఈ పనితనం నేటి పరిశీలకులకు అందుబాటులో మిగిలింది.

దేన్ని వైడ్ అనాలి, దేన్ని నార్మల్ అనాలి అన్నది పలక కొలతను బట్టి మారుతుంది. ఫిల్ము లేదా సెన్సరు కర్ణమెంతో దాదాపు అంత నాభ్యంతరం ఉన్నదాన్ని నార్మల్ లెన్సు అంటారు, అంతకన్నా బాగా తక్కువున్నది వైడ్, బాగా ఎక్కువున్నది టెలి. 8×10 అంగుళాల గాజు పలకకు ఈ కర్ణం సుమారు 325 మిల్లీమీటర్లు, పెళ్లి ఫొటోలకు పెట్టింది పేరైన యాషికా రెండు కళ్ల కెమెరాల చదరపు ఫిల్ముకు సుమారు 79, అందుకే వాటికి 80 మిల్లీమీటర్ల లెన్సు ఉండేది. 24×36 మిల్లీమీటర్ల చట్రానికి, అంటే ఇప్పుడు ఫుల్ ఫ్రేమ్ అనే కొలతకు, కర్ణం 43 మాత్రమే. 1925లో జర్మనీలో విడుదలైన లైకాకు 50 మిల్లీమీటర్ల లెన్సు అమర్చిన నాటినుంచి 50కి నార్మల్ హోదా స్థిరపడింది. కన్ను చూసినట్టే 50 చూస్తుందన్న మాట ఫొటోగ్రఫీ తరగతుల్లో నేటికీ వల్లెవేస్తూనే ఉన్నారు గాని, మనిషి చూపు ఒక చట్రంలో ఒదిగేది కాదు గనుక దాన్ని శాస్త్రంగా కాక వాడుక మాటగా తీసుకోవడమే మంచిది. 1966లో వచ్చిన యాషికా ఎలక్ట్రో 35కి 45 మిల్లీమీటర్ల లెన్సు శాశ్వతంగా బిగించి ఉండేది. కర్ణం లెక్కకు 50 కన్నా అదే దగ్గర.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. వైడ్ లెన్సు ముక్కును పెద్దది చేస్తుందని, టెలి లెన్సు వెనుక ఉన్న గోపురాన్ని దగ్గరకు లాగుతుందని అంటారు. ఒకేచోట నిలబడి లెన్సులు మార్చి తీసి, వైడ్ చిత్రంలోని నడిమి భాగాన్ని కత్తిరించి పోల్చి చూస్తే రెండింటిలోనూ వస్తువుల పొందిక ఒకటే. పొందికను మార్చేది దూరం. వైడ్ లెన్సుతో ముఖాన్ని చట్రం నిండా పట్టాలంటే బాగా దగ్గరకు పోవలసి వస్తుంది, ఆ దగ్గరితనమే ముక్కును పెంచుతుంది. కాబట్టి ఫలానా లెన్సు ఇష్టమని చెప్పేవారు, తెలిసినా తెలియకపోయినా, ఫలానా దూరం తమకు ఇష్టమని చెబుతున్నారు.

ఆ దూరాలను లెక్కగట్టవచ్చు. నిలువెత్తు మనిషిని తలపైనా కాళ్ల కిందా కొంచెం చోటు వదిలి, అంటే 2 మీటర్ల ఎత్తును, అడ్డంగా పట్టిన ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఇమిడ్చడానికి 28 మిల్లీమీటర్ల లెన్సుతో 2.3 మీటర్లు, 35తో 2.9 మీటర్లు, 50తో 4.2 మీటర్లు, 85తో 7 మీటర్లకు పైగా వెనక్కి జరగాలి. ఈ అంకెలను మోండా మార్కెట్ కూరగాయల వరుసల మధ్యకు తీసుకెళ్తే 50 ఎందుకు ఇబ్బంది పెడుతుందో తెలుస్తుంది. నాలుగు మీటర్లు వెనక్కి జరిగేసరికి ఫొటోగ్రాఫరు వీపు ఎదుటి వరుసలోని బుట్టలకు తగులుతుంది. ఒకవేళ చోటు దొరికినా, ఆ నాలుగు మీటర్లలో మూటలు మోసే హమాలీలూ బేరాలాడే జనమూ అడ్డం వస్తూనే ఉంటారు. జనరల్ బజారులోని బట్టల దుకాణాల, నగల దుకాణాల సందుల్లోనూ ఇదే పరిస్థితి. 35కు కావలసిన మూడు మీటర్లు మాత్రం ఈ పాత బజార్లలో దాదాపు ఎక్కడైనా దొరుకుతాయి, పైగా అది గొంతు పెంచకుండా మాట కలపగలిగిన దూరం. కూరగాయలమ్మే ఆమెతో “అమ్మా, ఒక ఫొటో తీసుకుంటాను” అని ఆ దూరం నుంచి అడగవచ్చు, ఆమె వద్దంటే వినవచ్చు. ఏడు మీటర్ల అవతల 85 పట్టుకుని నిలబడినవారికి అడిగే వీలూ లేదు, వద్దన్న మాట వినబడే వీలూ లేదు. లష్కర్ వీధులకు 35ను మొదటి లెన్సుగా చెప్పడానికి ఇంతకు మించిన కారణం వెతకనక్కరలేదు.

ఆషాఢ మాసంలో ఉజ్జయినీ మహంకాళి బోనాలనాడు ఈ లెక్క మారుతుంది. తలపై బోనమెత్తిన స్త్రీల వరుస, పోతరాజు కొరడా, ఫలహారపు బండ్లు, వీటన్నిటి నడుమ చేతులు చాచడానికి కూడా చోటుండని రద్దీలో రెండు మీటర్ల దూరం దొరకడమే గొప్ప, అక్కడ 28కి సాటి వచ్చేది లేదు. పాత పద్ధతిలో ఫోకస్‌ను ముందే ఒక దూరానికి పెట్టి వదిలేయడం కూడా 28తోనే సులువు. లెన్సు ద్వారాన్ని ఎఫ్/8కి కుదించి ఫోకస్‌ను 3.3 మీటర్లకు పెడితే సుమారు 1.7 మీటర్ల నుంచి అనంత దూరం దాకా అంతా ఆమోదించదగినంత స్పష్టంగా వస్తుంది. ఇదే ఏర్పాటుకు 35తో ఫోకస్ 5.1 మీటర్ల దగ్గర పెట్టాలి, స్పష్టత 2.6 మీటర్ల నుంచి మొదలవుతుంది. 50తో అయితే 5.2 మీటర్ల లోపలిదంతా మసకే. అయితే 28 వాడేవారు చట్రం అంచులను కాపలా కాయాలి, ఎవరి మోచెయ్యో, కరెంటు స్తంభమో, ఫ్లెక్సీ ముక్కో పిలవకుండానే వచ్చి కూర్చుంటుంది.

పొద్దు వాలాక ప్రైమ్‌కు అసలు బలం తెలుస్తుంది. కెమెరాతోపాటు వచ్చే మామూలు కిట్ జూమ్ పొడవాటి కొసన ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు, చవకైన 35 లేదా 50 ప్రైమ్ ఎఫ్/1.8 దాకా తెరుచుకుంటుంది. లోపలికి వచ్చే వెలుగు ఈ అంకె వర్గానికి విలోమంగా మారుతుంది గనుక రెండింటి నడుమ తేడా దాదాపు పది రెట్లు. జూమ్‌తో సెకనులో పదో వంతు కావలసిన చిత్రానికి ప్రైమ్‌తో నూరో వంతు చాలు. స్టేషను ఎదుటి ఇరానీ హోటల్లో ట్యూబులైటు కింద సాసరులోకి చాయ్ ఒంపుకునే చెయ్యి కదిలిపోకుండా నిలిచేది ఈ తేడా వల్లనే.

కొత్తవారు ఎక్కువగా పొరబడేది సెన్సరు కొలత దగ్గర. చవగ్గా దొరుకుతుందని 50 ఎఫ్/1.8 కొని క్రాప్ సెన్సర్ కెమెరాకు, అంటే ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సరున్న కెమెరాకు బిగిస్తే, అది కంపెనీని బట్టి 75 లేదా 80 మిల్లీమీటర్లంత ఇరుకుగా చూస్తుంది, దాంతో ఇంటి హాల్లో నలుగురు కూర్చున్న ఫొటో తీయాలన్నా గోడ అడ్డం వస్తుంది. అటువంటి కెమెరాలో 35 చూపు కావాలంటే 22 నుంచి 24 వరకు, 50 చూపు కావాలంటే 35 కొనాలి. సెల్‌ఫోన్ల ప్రధాన కెమెరాలు ఎక్కువగా 24, 26ల కోణానికి సమానంగా ఉండటం వల్ల, ఫోనుతో కన్ను తర్ఫీదైన తరానికి 50 మరీ ఇరుకుగా తోచడం సహజం. వారిని తప్పుపట్టడంలో అర్థం లేదు.

పదును విషయంలో ప్రైమ్‌లను ఆకాశానికెత్తే పాత వాదం నేడు బలహీనపడింది. స్థిరచిత్రాలకు జూమ్ లెన్సు 1959లో వోయిగ్ట్‌లాండర్ జూమర్‌తో బజారుకెక్కిన కొత్తలో ఆ వాదంలో నిజముండేది, ఇప్పటి ఖరీదైన జూమ్‌లు చాలా ప్రైమ్‌లకు తీసిపోవు. పెళ్లి మండపంలో తలంబ్రాల క్షణానికి అటూ ఇటూ పరుగెత్తే వీల్లేని వృత్తి ఫొటోగ్రాఫరుకు జూమ్ తప్పనిసరి కూడా. ఒంటి లెన్సు విలువ వేరేచోట ఉంది. నెలల తరబడి ఒకే కోణానికి అలవాటుపడిన కన్ను కెమెరా ఎత్తకముందే చట్రం అంచులను గీసుకుంటుంది, కాళ్లు ముందే సరైన చోటికి చేరతాయి, చెయ్యి చేసేది మీట నొక్కడమే. దీన్ దయాళ్ కాలంలో బరువైన పరికరాలు బలవంతంగా నేర్పిన క్రమశిక్షణను తేలికైన కెమెరాతో స్వచ్ఛందంగా నేర్చుకునే పద్ధతి ఇది.

ఎంపికకు డబ్బు ఖర్చు కాని మార్గం ఒకటుంది. డిజిటల్ చిత్రం ప్రతిదానిలోనూ తీసిన నాభ్యంతరం నమోదై ఉంటుంది, కిట్ జూమ్‌తో తీసి దాచుకున్న పాత చిత్రాల్లో నచ్చినవాటిని మాత్రమే వేరుచేసి ఆ అంకెలను చూస్తే మొగ్గు ఎటుందో తెలుస్తుంది. అన్నీ జూమ్ రెండు కొసల్లోనే పోగుపడితే దాన్ని అభిరుచిగా పొరబడకూడదు, అది తిప్పడం ఆపలేని చేతి అలవాటు కావచ్చు. అప్పుడు జూమ్ రింగును 35 దగ్గర టేపుతో అతికించి కొన్ని వారాలు మోండా మార్కెట్ నుంచి క్లాక్ టవర్ దాకా తిరిగితే అనుమానం తీరుతుంది.

35తో స్థిరపడినవారు రెండో లెన్సుగా 50 కొనడం దండగ. 50తో 2.9 మీటర్ల నుంచి పట్టే చట్రాన్ని 35తో 2 మీటర్లకు జరిగి పట్టవచ్చు, ఆ తేడా ఒక పెద్ద అడుగే. అదే దూరం నుంచి 85 పట్టే చట్రం కావాలంటే మాత్రం 35తో 1.2 మీటర్లకు దూసుకుపోవాలి, అప్పుడు ముఖం పొందిక మారుతుంది, ఎదుటి మనిషి బెదురుతాడు. సంక్రాంతికి పెరేడ్ గ్రౌండ్స్‌లో పతంగులెగరేసేవారి ముఖాలకో, కంటోన్మెంటు బంగళాల విశాలమైన ఆవరణలకో 85ను సంచిలో ఉంచుకుంటే చాలు. 28తో మొదలుపెట్టినవారికి ఇదే లెక్కన రెండోది 50 అవుతుంది.