వద్దంటూనే రాజేసినవాడు

దోహాలో అల్ మన్సూరా మెట్రో స్టేషన్‌కు దగ్గర్లోనే మా గది. శుక్రవారం వంట అయ్యాక ఫోన్‌లో ‘దాన వీర శూర కర్ణ’ మయసభ సన్నివేశం పెట్టుకోవడం మాకు అలవాటు. 1977 సంక్రాంతికి వచ్చిన సినిమా. కొండవీటి వెంకటకవి మాటలు, ఎన్టీఆర్ నడక ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. మొన్న మాత్రం నా చూపు ధూళిపాళ శకుని మీద నిలిచిపోయింది. ఆ రాత్రే వ్యాసుడి సభాపర్వం తీశాను.

దుర్యోధనుడు నీళ్లలో పడ్డప్పుడు నవ్వినవాళ్లు సేవకులు, భీమార్జునులు, కవలలు. అక్కడ ద్రౌపది పేరు లేదు. పైగా ధర్మరాజు పొడిబట్టలు ఇప్పించాడు. అదే సంగతి దుర్యోధనుడు తండ్రికి చెప్పుకునేసరికి కృష్ణుడూ నవ్వాడు, ఆడవాళ్లతో కలిసి ద్రౌపదీ నవ్వింది! ఇతను కల్పించాడని కవి ఒక్క మాట అనడు. రెండు కథనాలూ మన ముందుంచి ఊరుకుంటాడు. ఆ ఓర్పుకి దండం పెట్టాలనిపించింది.

ఇక శకుని. మేనల్లుడు నిప్పులో దూకుతాను, విషం తాగుతాను అంటుంటే ఆయన మొదట చెప్పేది పాండవుల మీద అసూయ వద్దనే. వాళ్ల భాగ్యం వాళ్లది, నీకు మాత్రం ద్రోణుడు, కర్ణుడు, తమ్ముళ్లు లేరా అంటాడు. అయితే వీళ్లతోనే గెలుస్తానని దుర్యోధనుడు లేవగానే, యుద్ధంలో వాళ్లు దేవతలకైనా లొంగరని కూలదోస్తాడు. అప్పుడు మెల్లగా పాచికల మాట తీస్తాడు: ధర్మరాజుకు జూదం ఇష్టం, ఆడటం మాత్రం రాదు.

1604లో ఇంగ్లండ్ రాజు కొలువులో ఆడిన ‘ఒథెల్లో’ నాటకంలో ఇయాగో కూడా అసూయతో జాగ్రత్త అనే మొదలుపెడతాడు. పక్కగది మలయాళీ మిత్రుడికి ఆ మాట చెబితే, అదే కథను తెయ్యం కళాకారుల మధ్య నడిపిన జయరాజ్ సినిమా ‘కలియాట్టం’ చూడమన్నాడు. ఒథెల్లోది నమ్మే మనసు, దాన్ని విరిచేందుకు ఇయాగోకి ఒక చేతిరుమాలు కావలసివచ్చింది. దుర్యోధనుడిలో అసూయ నిప్పు చిన్నప్పుడు భీముడికి విషం పెట్టిననాటిది. శకునికి దొంగ సాక్ష్యంతో పనే లేదు. నాకు శకుని చిత్రణే మరింత భయం కలిగిస్తుంది.

జూదం సంగతి తండ్రికి నువ్వే చెప్పమంటాడు శకుని. అంతటి అభిమానధనుడు దుర్యోధనుడు, తనవల్ల కాదు, నువ్వే చెప్పు మామా అంటాడు. శకుని ధృతరాష్ట్రుడి దగ్గరికి వెళ్లి వెంటనే పాచికల ఊసు ఎత్తడు. నీ పెద్దకొడుకు పాలిపోయి చిక్కిపోతున్నాడు, పట్టించుకోవేం అని అడుగుతాడు.