నిర్విఘ్నశృంగారము: ‘ఆష్’ నవలా పరిశీలనము

ఆంగ్లభాషలో కిశోరవయస్కుల కొఱకు వెలువడుచున్న అద్భుతకథలలో ఒక శాఖ ఇటీవల ప్రత్యేకముగ గుర్తింపదగినదై యున్నది. ఇద్దఱు స్త్రీల అనురాగము దీనికి వస్తువు; యక్షులు, మాయలు, అరణ్యములు రంగస్థలము. యుద్ధములు, రాజ్యవినాశములు లేక, చలిరాత్రి పొయ్యిదగ్గఱ కూర్చుండి వినిన కథవలె మెల్లగ సాగుట దీని తీరు. ఈ తీరునకు ఆంగ్లమున ‘కోజీ’ యని వ్యవహారము. ఇట్టి బాలరచనలతో మీకేమి పని యని కొందఱు మిత్రులు మమ్ము ప్రశ్నించిరి. రసచర్చకు పనికివచ్చు చిక్కు ఒకటి వీనియందు కలదని మా సమాధానము. మలిండా లో 2009లో ప్రకటించిన ‘ఆష్’ నవల ఆధారముగ ఆ చిక్కును పరిశీలింతుము.

నవలకు మూలము సిండ్రెల్లా కథ. ఫ్రెంచిలో పెర్రో 1697లోను, జర్మనులో గ్రిమ్ సోదరులు 1812లోను దీనిని ప్రకటించిరి. చీనాలో తొమ్మిదవ శతాబ్దమునాటి సంకలనమునందే యె-షియెన్ అను బాలిక పేర ఇట్టి కథ కానవచ్చుచున్నది. మలిండా లో చెప్పిన కథ యిది: ఐస్లింగ్ అను బాలికకు తల్లి చనిపోవును, తండ్రి మఱల వివాహమాడి, కొలదికాలమునకే తానును మరణించును. తండ్రి చేసిన అప్పుల నెపమున సవతితల్లి ఆమెను దాసిగ మార్చును. ‘ఆష్’ ఆమె ముద్దుపేరు. ఆంగ్లమున ఆ మాటకు బూడిద యని అర్థము గనుక మూలకథానాయిక నామము స్ఫురించుచున్నది. వరములిచ్చు దేవతాస్త్రీకి బదులు ఇందొక యక్షపురుషుడు వచ్చును. అతడు కోరికలు తీర్చును గాని ప్రతిఫలముగ ఆమె తన వశము కావలెననును. ఇంతలో రాజుగారి వేటకు నాయకురాలైన కైసాతో ఆమెకు పరిచయమగును. రాకుమారుడును కలడు, నృత్యోత్సవమును కలదు; నాయిక హృదయమున మాత్రము అతనికి చోటు లేదు. తొలిప్రతిలో నాయిక రాకుమారునే వరించెననియు, చదివిన స్నేహితురాలి మాటవలన కథ మాఱెననియు రచయిత్రియే చెప్పియున్నది. పాత్రలు రచయితను దిద్దుట అపూర్వము కాదు.

ఇక చిక్కు. ఈ రాజ్యమున స్త్రీ స్త్రీని ప్రేమించుటను ఎవ్వరును తప్పుగ భావింపరు. దానిని గూర్చి నిందగాని సమర్థనగాని నవలలో లేదు. అట్లైనచో విఘ్నమెక్కడిది? విఘ్నము లేనిచో విప్రలంభ మెట్లు పోషింపబడును? విప్రలంభము లేక శృంగారము పుష్టినొందదని మన ఆలంకారికుల మతము.

ముందుగ ఒక శంకను తీర్చవలసి యున్నది. ఇట్టి రతి రసాభాసము కాదా యని అడుగువా రుందురు. అనౌచిత్యమే ఆభాసమునకు కారణమని చెప్పి, విశ్వనాథుడు సాహిత్యదర్పణమున స్థలములను పేర్కొనెను: ఉపనాయకునియందలి రతి, ముని గురుపత్నులయందలిది, బహునాయకవిషయకము, ఉభయనిష్ఠము కానిది, ప్రతినాయకగతము, అధమపాత్రగతము, తిర్యగ్గతము. ఇద్దఱు స్త్రీల పరస్పరానురాగము ఈ పట్టికలో లేదు. ఆతడు దానిని అంగీకరించెనని మే మనము, ఆలోచించియుండడు. అయినను ఆ లక్షణమునే ఈ నవలకు అన్వయించినచో, ఆభాసమగునది యక్షుని ప్రేమ. అది ఉభయనిష్ఠము కాదు. నాయిక తల్లి పెట్టిన శాపమువలన అతనికి కలిగినది; నాయికకో, అది తల్లిదండ్రులను కోల్పోయిన దుఃఖమునుండి తప్పించుకొను మార్గము మాత్రమే. ఆష్, కైసాల అనురాగమో పరస్పరము.

పూర్వరాగమును విశ్వనాథుడు నీలి, కుసుంభ, మంజిష్ఠ యని మూడు విధములుగ విభజించెను. మిక్కిలి శోభింపకయే మనస్సును వీడనిది నీలీరాగము. కైసాతో అడవిలో నడుచుట, కథలు చెప్పుకొనుట, వేటకు వెళ్లుట: నవలలో మూడవపాలు ఇట్టి చిన్నపనులే. ప్రకటనమైన మాట మిక్కిలి ఆలస్యముగ వచ్చును. నీలీరాగమునకు ఇంతకన్న మంచి ఆధునికోదాహరణము మా కంటబడలేదు.

మన ప్రబంధములలో నాయికకు సమీపమున ఎల్లప్పుడు ఒక చెలి యుండును. వసుచరిత్రయందు గిరికకు మంజువాణి అట్టిది. విరహమును కనిపెట్టునది, శీతలోపచారములు చేయునది, దూత్యము నడపునది చెలియే. నాయిక మనస్సు నెఱిగినది ఆమె యొక్కతెయే. ఫలమో పరుల పాలు. ‘ఆష్’ చదువునపుడు ఆ చెలి స్థానమునుండి ఒకతె లేచి నాయకస్థానమున కూర్చున్నట్లు మాకు తోచినది. మంజువాణికి అట్టి భావమున్నదని మా వాదము కాదు. ఆ సన్నిహితత్వమును వర్ణించు సామగ్రి మన కావ్యములకు క్రొత్తది కాదని మాత్రము చెప్పుచున్నాము.

దోషమును దాచుట తగదు. యక్షుని ఋణము నవలకు ప్రధాన విఘ్నము. ఒక్క రాత్రితో అది తీఱిపోవును. మఱునాడు నాయిక స్వేచ్ఛగ కైసాను చేరును. అంతవఱకు భయంకరముగ పెంచిన పణము ఇంత సులభముగ చెల్లుట నిర్వహణసంధిలో లోపమే. వెచ్చదనమును కోరు కథలకు ఈ ప్రమాదము సహజము. పెద్దల కొఱకు ట్రావిస్ బాల్డ్రీ 2022లో వెలువరించిన ‘లెజెండ్స్ అండ్ లాటేస్’ దీనిని వేఱువిధముగ దాటినది. కత్తి వదలి కాఫీదుకాణము పెట్టిన వివ్ అను రాక్షసస్త్రీకి దుకాణమే తగులబడును. తనకు అదృష్టమిచ్చునని నమ్మిన రాయి పోవును. టాండ్రీయు ఇతరమిత్రులును దానిని మఱల కట్టుదురు. అందు విఘ్నము చిన్నది, నష్టము నిజమైనది.

నిషేధములేని లోకమును కల్పించుట పలాయనమని మఱియొక ఆక్షేపణ. మేమును కొంతకాలము అట్లే తలచితిమి. మన దేశమున సుప్రీంకోర్టు ఇట్టి అనురాగమును నేరముల పట్టికనుండి తొలగించినది 2018 సెప్టెంబరు 6న. 2023 అక్టోబరులో వివాహహక్కును అంగీకరింపలేదు. ఇంటిలో ఈ మాట ఎత్తజాలని పదునాఱేండ్ల తెలుగుబాలిక ఈ పుస్తకమును తెఱచినచో, విఘ్నము ఆమె చుట్టును ఉండనే యున్నది. గ్రంథము దానిని మఱల వర్ణింపనక్కఱలేదు. నవలలో లేని విప్రలంభమును పాఠకురాలు తనతో తెచ్చుకొనును. ఆలంకారికులు సహృదయుని వాసనను గూర్చి చెప్పినది ఇచ్చట మిక్కిలి అన్వయించుచున్నది.

ఇదే లోకమున శతాబ్దములకు పూర్వము జరిగిన కథగ మలిండా లో 2011లో ‘హంట్రెస్’ ప్రకటించినది. అందు కైడే, టైసిన్ అను ఇద్దఱి నడుమ సంఘము అడ్డుపడదు. టైసిన్ చిరకాలముగ కోరుకొన్న విద్యాపదవియే బ్రహ్మచర్యవ్రతమును కోరును. అచ్చట విఘ్నము నాయికలోపలనే పుట్టినది. నిర్వహణమున ఆ నవల ‘ఆష్’కన్న దృఢతరమని మా తలంపు.