అద్దం, అవయవం, భ్రమ: ‘ఫాంటమ్స్ ఇన్ ది బ్రెయిన్’లోని దర్పణచికిత్సా కథనం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
వి.ఎస్. రామచంద్రన్, శాండ్రా బ్లేక్స్‌లీ రచించిన ‘ఫాంటమ్స్ ఇన్ ది బ్రెయిన్’ (1998) అద్దంతో చేసే చికిత్సను సామాన్య పాఠకలోకానికి పరిచయం చేసిన గ్రంథం. ఆ గ్రంథంలోని కథన పద్ధతిని పరిశీలించి, అది అద్దానికి ఇచ్చిన ప్రాధాన్యాన్ని అద్దం అమరికకూ, అభ్యాసానికీ ఇవ్వలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అద్వైత గ్రంథాలలోని ‘సోపాధిక భ్రమ’ అన్న భావన ఈ లోపాన్ని గుర్తించడానికి ఎలా తోడ్పడుతుందో, ఆ గుర్తింపు పునరావాస కేంద్రాలలో అద్దం ఎంపికకు ఎలా ఉపకరిస్తుందో వివరిస్తుంది.

కీలకపదాలు: దర్పణచికిత్స, ఛాయావయవం, సోపాధిక భ్రమ, పక్షవాతం, ఫిజియోథెరపీ, వైజ్ఞానిక కథనం.

1. ఉపోద్ఘాతం:
చేయి తొలగించిన తరువాత కూడా ఆ చేయి ఉన్నట్లే, అది నొప్పి పెడుతున్నట్లే అనిపించడాన్ని వైద్యులు ఫాంటమ్ లింబ్ అంటారు. ఈ వ్యాసంలో దానిని ‘ఛాయావయవం’ అని వ్యవహరిస్తున్నాను. మద్రాసు స్టాన్లీ వైద్యకళాశాలలో చదివి, కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో (శాన్ డియాగో) ఆచార్యులైన రామచంద్రన్ ఈ అనుభూతిపై చేసిన ప్రయోగాలు ప్రసిద్ధాలు. పై కప్పు లేని పెట్టె మధ్యలో ఒక అద్దాన్ని నిలువుగా నిలిపి, ఆరోగ్యంగా ఉన్న చేతి ప్రతిబింబం లేని చేయి ఉన్నట్లు తోచే చోట పడేలా ఆయన ఏర్పాటు చేశారు. 1996లో రోజర్స్-రామచంద్రన్‌తో కలిసి ప్రకటించిన పరిశోధనపత్రంలో ఈ సాధనాన్ని వర్ణించారు. రెండేళ్ల తరువాత గ్రంథంలోని ‘చేజింగ్ ది ఫాంటమ్’ అధ్యాయం దానిని కథగా చెప్పింది.

2. కథన పద్ధతి:
ఈ గ్రంథం అపరాధ పరిశోధక కథల మార్గంలో నడుస్తుంది. రోగి ఒక చిక్కుముడితో వస్తాడు. వైద్యుడు చిన్న ఆధారాలను పట్టుకొని ఊహిస్తాడు. ఇంట్లో దొరికే వస్తువులతో ఒక పరీక్ష చేస్తాడు. ముడి విడిపోతుంది. పదేళ్లుగా ఛాయాహస్తంలో కదలికే ఎరుగని ఒక రోగి పెట్టెలో చేయి పెట్టగానే ఆ చేయి కదిలినట్లు అనుభూతి పొందడం ఈ అధ్యాయానికి ప్రాణం. కొన్ని వారాల సాధన తరువాత ఆ ఛాయాహస్తమే మాయమై, వేళ్లు మాత్రం భుజం దగ్గర మిగలడం దానికి పతాకసన్నివేశం.

రచయితలు కేవలం అద్భుతాన్ని చూపి ఊరుకోలేదు. మెదడు ఆజ్ఞ ఇచ్చినా చేయి కదలలేదన్న సమాచారం పదేపదే అందడం వల్ల అచేతనత్వం ఒక అలవాటుగా స్థిరపడుతుందనీ, కదులుతున్న ప్రతిబింబం ఆ అలవాటును చెరిపివేస్తుందనీ ఒక సిద్ధాంతాన్నీ సూచించారు. అయినా కథలోని వెలుగంతా అద్దం ముందు గడిచిన తొలి క్షణం మీదనే పడింది. రోగి ఇంట్లో ఒంటరిగా చేసిన సాధన కొన్ని వాక్యాలకే పరిమితమైంది.

3. సంభవం వేరు, చికిత్స వేరు:
ఒక్క రోగి అనుభవం మీద ఆధారపడడాన్ని గ్రంథకర్తలు పీఠికలోనే సమర్థించుకున్నారు. మాట్లాడే పందిని ఒకదాన్ని ఎవరైనా తెచ్చి చూపిస్తే, ఇంకో పందిని చూపితేగాని నమ్మనని అనడం అర్థరహితమన్నది వారి చమత్కారం. ఒక విషయం సంభవమేనని నిరూపించడానికి ఈ తర్కం చాలు. చికిత్సకు చాలదు. ఎందరికి, ఎంతకాలం, ఏ షరతులతో ఉపకరిస్తుందన్నది అక్కడ ప్రశ్న. 1996 పత్రంలోనే పదిమందిలో ఆరుగురికి మాత్రమే ఛాయావయవంలో కదలిక తెలిసింది. బాధాకరమైన పిడికిలి బిగింపు ఉన్న ఐదుగురిలో నలుగురికి ఉపశమనం కలిగింది. ఛాయాహస్తం శాశ్వతంగా మాయమైనది ఒక్కరికే. కథ ఆ ఒక్కరిని ముందు నిలిపింది.

ఆ తరువాతి చరిత్ర ఇంకా నిదానమైనది. 2007లో చాన్ బృందం కాలు కోల్పోయినవారిపై జరిపిన పరీక్షలో 18 మంది నాలుగు వారాలు పూర్తిచేశారు. అద్దం చూసిన ఆరుగురికీ నొప్పి తగ్గింది. కప్పిన అద్దం ముందు సాధన చేసిన ఆరుగురిలో ఒక్కరికే తగ్గి, ముగ్గురికి పెరిగింది. మనసులోనే ఊహించుకున్న ఆరుగురిలో ఇద్దరికి తగ్గి, నలుగురికి పెరిగింది. ఫలితం స్పష్టమైనదే గాని సంఖ్య స్వల్పం. పక్షవాతం విషయంలో 2018 నాటి కాక్రేన్ సమీక్ష 62 అధ్యయనాలను, 1982 మంది రోగులను పరిశీలించి, చలనశక్తి, దైనందిన కార్యాలు మెరుగుపడతాయని మధ్యస్థాయి ఆధారంతో తేల్చింది. నొప్పి విషయంలో ఆధారం బలహీనమని, ఒక పక్కను గమనించలేని లోపం విషయంలో స్పష్టమైన ప్రయోజనం కనబడలేదని పేర్కొంది. అద్దం పనికివచ్చే సాధనమే. అందరికీ ఒకే తీరుగా పనిచేసే మంత్రం మాత్రం కాదు.

4. సోపాధిక భ్రమ:
కంటిమాయతో మెదడును ఒప్పించారని చెప్పడంలో ఒక చిక్కుంది. పెట్టెలో చేయి పెడుతున్న రోగికి అది అద్దమని తెలుసు. మన ఆలంకారికులు చెప్పిన భ్రాంతిమదలంకారంలో చూసేవానికి అసలు సంగతి తెలియదు. ఇక్కడ తెలిసే చూస్తున్నాడు. ఈ తేడాను అద్వైతులు రెండు రకాల భ్రమలుగా గుర్తించారు. తాడును పామనుకున్నవాడు దీపం తేగానే ఆ భ్రమను వదులుకుంటాడు. ఇది నిరుపాధిక భ్రమ. మందారపువ్వు పక్కనున్న స్ఫటికం ఎర్రగా కనిపిస్తుంది. స్ఫటికానికి రంగు లేదని తెలిసినా, పువ్వును తొలగించేదాకా ఆ ఎరుపు పోదు. ఆ పువ్వు ఉపాధి, ఆ భ్రమ సోపాధికం. అద్దంలోని ప్రతిబింబం ఈ రెండవ కోవకు చెందినది.

ఈ దృష్టితో చూస్తే కప్పిన అద్దంతో పోల్చిన పరీక్ష ఉపాధిని తొలగించి చూసిన పరీక్షే. అంతకు ముందు 1999లో ఆల్ట్‌షులర్ బృందం పక్షవాత రోగులు తొమ్మిదిమందిపై చేసిన ప్రయోగంలో అద్దానికి బదులు పారదర్శక ఫలకాన్ని వాడి పోల్చడమూ ఇటువంటిదే. రోగి అజ్ఞానం వల్ల కాక ఉపాధి వల్ల భ్రమ నిలుస్తున్నప్పుడు, రోగికి అంతా వివరించి చెప్పడం వల్ల చికిత్స చెడదు. ఉపాధిలో లోపముంటేనే చెడుతుంది.

పోలిక ఒకచోట ఆగిపోతుంది. స్ఫటికం విషయంలో ఉపాధి తొలగగానే ఎరుపు పోవాలి. చికిత్సలో అద్దం తొలగిన తరువాత కూడా ఫలితం మిగలాలి. భ్రమ పోయినా దాని సంస్కారం నిలవాలి. ఆ సంస్కారం అభ్యాసం వల్లనే కలుగుతుంది. చాన్ పరీక్షలో అది రోజుకు 15 నిమిషాల చొప్పున నాలుగు వారాలు. గ్రంథం తక్కువ చెప్పిన భాగం సరిగ్గా ఇదే.

5. ఉపాధి నిర్మాణంగా అద్దం ఎంపిక:
ఉపాధి ప్రధానమని ఒప్పుకుంటే అద్దం ఎంపిక కేవలం కొనుగోలు వ్యవహారం కాదు. దెబ్బతిన్న అవయవం పూర్తిగా మరుగుపడాలి. ఆరోగ్యవంతమైన అవయవం కదిలినంత మేరా ప్రతిబింబం అంచు దాటకూడదు. ముంజేతికి సరిపోయే పెట్టె కాలికి సరిపోదు. పల్చని యాక్రిలిక్ ఫలకం తేలిక, గాజులా సులభంగా పగలదు. కాని వంగితే ప్రతిబింబం అలలు తిరుగుతుంది. గాజు చదునుగా ఉంటుంది గాని బరువు, పగిలే ప్రమాదం ఉన్నాయి. అందుచేత యాక్రిలిక్‌ను గట్టి పలకకు బిగించడమో, గాజు వెనుక ముక్కలు చెదరనివ్వని పొరను అతికించడమో అవసరం. అసహజ భంగిమను ప్రతిబింబంలో చూపినప్పుడు ఒకరికి ఛాయావయవంలో క్షణకాలం బాధాకరమైన లాగుడు తెలిసిందని 1996 పత్రమే చెబుతున్నది. వంకర ప్రతిబింబాన్ని తేలికగా తీసుకోరాదనడానికి ఇది చాలు.

ప్రతిబింబంలోని చేయి తనదేనని అనిపించాలంటే గుర్తులు తేడా పడకూడదు. ఒక చేతికే ఉన్న గడియారం, ఉంగరం, గోరింటాకు భ్రమను చెరుపుతాయి. గాజులు తీయమంటే నొచ్చుకునే స్త్రీలు మన సమాజంలో ఎందరో ఉన్నారు. పక్షవాతం వచ్చినవారికి రెండు చేతులకూ ఒకే తీరు గాజులుంటే చాలు, తీయించనక్కరలేదు.

6. ఉన్నదున్నట్లు చూపే అద్దం:
పునరావాస కేంద్రంలో మరో అద్దం ఉంటుంది. అది నిలబడే తీరును, నడకను సరిదిద్దుకోవడానికి ఉపయోగపడేది. పెట్టెలోని అద్దం లేనిదాన్ని చూపితే, ఇది ఉన్నదాన్ని చూపుతుంది. నిటారుగా నిలబడినవారు తమ నిండు రూపాన్ని చూసుకోవడానికి తమ ఎత్తులో సగం పొడవున్న అద్దం చాలు. ఎంత దూరం జరిగినా ఈ లెక్క మారదు. కాని అద్దం అడుగు అంచు నేల నుంచి కంటి ఎత్తులో సగాన్ని మించకూడదు. కంటి ఎత్తు 160 సెంటీమీటర్లయితే ఆ అంచు 80 దగ్గర ఉండవచ్చు. చక్రాల కుర్చీలో కూర్చున్నవారి కంటి ఎత్తు 120 అయితే 60కి దిగాలి. పాదాలు ముందుకు ఉంటే ఇంకా దిగాలి. నిలబడేవారిని మాత్రమే తలచుకొని బిగించిన అద్దం కూర్చున్నవారికి వారి పాదాలను చూపదు.

నిజం చూపే అద్దానికీ హద్దుంది. బయటినుంచి అందే దిద్దుబాటు ఎడతెగక ఉంటే, అది లేనప్పుడు నైపుణ్యం నిలవదని సాల్మోని, ష్మిట్, వాల్టర్ 1984లో చేసిన సమీక్ష సూచించింది. కనుక అద్దాన్ని క్రమంగా తగ్గించాలి. చూసుకోవడానికి రోగి సిద్ధంగా ఉన్నాడా అన్నది మరో ప్రశ్న. చాన్ పరీక్షలో ఇద్దరు, పోయిన కాలు తిరిగి కనిపించినట్లయినప్పుడు, కొద్దిసేపు దుఃఖానికి లోనయ్యారు. అద్దానికి తెర ఉండాలి. ఆ తెర తీయమనే అధికారం రోగిదై ఉండాలి.

7. ముగింపు:
• ‘ఫాంటమ్స్ ఇన్ ది బ్రెయిన్’ దర్పణచికిత్స సంభవమేనని లోకాన్ని ఒప్పించింది. అది ఆ గ్రంథం సాధించిన ఘనత.
• తొలి క్షణంలోని అద్భుతానికి పెద్దపీట వేయడం వల్ల, నాలుగు రోజుల్లో ఫలితం రాకపోతే లోపం తనదేనని రోగి, రోగి ప్రయత్నించడం లేదని కుటుంబం అనుకునే ప్రమాదం ఏర్పడింది.
• ‘సోపాధిక భ్రమ’ అన్న దృష్టి రోగిని మోసపోయినవానిగా కాక, తెలిసి సాధన చేసేవానిగా నిలుపుతుంది. ఫలితం రానప్పుడు ముందుగా అద్దాన్ని, దాని అమరికను, అభ్యాసకాలాన్ని పరీక్షించాలని చెబుతుంది.
• తెలుగులో ఈ చికిత్సను గురించి రాసేవారు అద్భుతాన్ని తిరిగి చెప్పడంతో ఆగక, ఆ సాధనకు కావలసిన కొలతలను, కాలాన్ని, ఓర్పును కూడా చెప్పవలసిన అవసరం ఉంది.