బండకేమి నష్టమన్న మాట

“బండనెక్కితే బండకేమి నష్టమండీ?” అని ఈ మధ్య ఒక విద్యార్థి నన్ను అడిగినాడు. భైంసాలో పెరిగినవానికి ఈ సందేహము సహజమే. ఇక్కడి నల్లరేగడి అడుగున ఉన్నది లావా గడ్డకట్టగా ఏర్పడిన నల్లరాయి, అనగా బసాల్టు. అది చేతిపట్టుకు లొంగదు. కాని రాళ్ళన్నియు ఒక్క జాతివి కావు.

కత్తి నూరే సానరాయిని చూడండి. అది తరచు ఇసుకరాయియే. నూరినకొద్దీ నడుమ గుంట పడును. ఇసుకరేణువులను ఒక బంధక పదార్థము అతికి ఉంచుటచేతనే ఈ రాయి నిలుచుచున్నది. బంధకము సిలికా అయినచో రాయి గట్టిది. సున్నపు పదార్థమో బంకమన్నో అయినచో బలహీనము. రేణువుల నడుమ రంధ్రములలోనికి వాననీరు చేరినపుడు బంధము మరింత సడలును. పైభాగము ఆరినట్లు కనిపించినను లోపల తడి నిలిచియుండవచ్చును. అప్పుడు మనిషి బరువంతయు వేలికొసల పట్టుపై పడితే పెచ్చు ఊడును. దానితోపాటు మనిషియు పడును.

భూపాలపల్లి జిల్లా రేగొండ వద్దనున్న పాండవుల గుట్టలు ఇసుకరాతి గుట్టలే. 1990లో అక్కడి ప్రాచీన వర్ణచిత్రములు వెలుగులోనికి వచ్చినవి. శిలారోహణమునకు కూడ ఆ గుట్టలు నేడు పేరొందినవి. తాడు లేకుండ చిన్న బండలనెక్కు క్రీడపై యువకులు ఉత్సాహపడుట మెచ్చదగినదే. నా ఆక్షేపణ క్రీడపై కాదు. దానిని పొగడు మాటలలో సాహసము, ఆరోగ్యము ఉండును గాని, రాయి స్వభావము తరచు కానరాదు. చేతులకు పూసుకొను మెగ్నీషియం కార్బొనేటు పొడి, ఇనుప బ్రష్షు గీత చిత్రములున్న గోడకు చెరుపు చేయును. చెరిగిన బొమ్మను మరల తేగలవారెవరు?

జర్మనీలోని సాక్సనీలో శిలారోహణ నియమములను రుడాల్ఫ్ ఫెర్మన్ 1913లోనే గ్రంథస్థము చేసినాడు. నేడు అచ్చట తడిసిన ఇసుకరాతిని ఎక్కరాదు. మెగ్నీషియం పొడి వాడరాదు. అందువలన క్రీడ అంతరించలేదు.

ఇసుకరాయి అవక్షేపశిల అని వల్లింపజేయుటతో మన పాఠము ముగియరాదు. కట్టడముల వద్ద మిగిలిన మెత్తని ఇసుకరాతి ముక్కలు రెండు తెచ్చి, ఒకదానిని రాత్రంతా నానబెట్టండి. రెంటిని మేకుతో సమానముగా గీసి, రాలిన ఇసుకను ఎండబెట్టి తూచండి. గుట్టకు పోయినపుడు బండ మొదట మట్టిని బెత్తెడు తవ్వి చూడండి. తడి తగిలినచో ఆనాడు ఎక్కవద్దు. ఆ విద్యార్థి ప్రశ్నకు ఇంతకన్న మంచి జవాబు లేదు.