చెంచులక్ష్మి యక్షగానం: సమకాలీన ఆహార్యం, దాని హద్దులు

చతుర్విధాభినయాలలో ఆహార్యానికి తెలుగు యక్షగాన విమర్శ ఇచ్చిన చోటు చిన్నది. ఎస్.వి. జోగారావు ‘ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర’ (1961) తరువాతి పరిశోధన ఎక్కువగా కర్తృత్వం, కాలనిర్ణయం, దరువుల ఛందోరీతుల చుట్టూ సాగింది. అందువల్లనే పాత యక్షగానాన్ని నేటి దుస్తులతో, నేటి రంగాలంకరణతో ప్రదర్శించవచ్చునా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ‘సంప్రదాయం చెడుతుంది’, ‘కాలంతోపాటు మారాలి’ అన్న రెండు మాటలకు మించి చర్చ సాగడం లేదు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల ప్రేక్షకులను దృష్టిలో ఉంచుకొని చెంచులక్ష్మి కథను పరిశీలిస్తే ప్రశ్న మరింత నిర్దిష్టమవుతుంది: కొత్త దుస్తులు ఏ పాత్రకు?

అహోబిల నరసింహుడు చెంచు కన్యను వలచి పెండ్లాడిన కథ ఓబయమంత్రి ‘గరుడాచలం’ నాటినుంచీ యక్షగానానికి ఇష్టమైన ఇతివృత్తం. 1943లోనూ, 1958లోనూ ‘చెంచులక్ష్మి’ పేరుతో చలనచిత్రాలు వచ్చాయి. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని ధర్మపురి నరసింహ క్షేత్రం కావడంతో ఇక్కడి శ్రోతకు నాయకుడు పరాయివాడు కాడు. ఈ కథలో శృంగారం వేషంతో పెనవేసుకొని ఉంది. పలు కథనాలలో నరసింహుడు వేటగాడై, చెంచుల పనులు నేర్చి, వారి పరీక్షలకు నిలిస్తేనే పెళ్లి జరుగుతుంది. దైవవేషం విడిచి మనిషి వేషం ధరించడమే అతని ప్రణయానికి తొలిమెట్టు.

ఇలా వేషమే కథను నడపడం యక్షగాన జాతి ప్రదర్శనలకు కొత్త కాదు. భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేయడం పందెం విసరడమే. ఆ జడను కత్తిరించిన ఆధునిక కేశాలంకరణ ఎంత అందంగా ఉన్నా, సవాలు మాయమై అలంకారం మిగులుతుంది. చెంచులక్ష్మి విషయంలోనూ రూపకర్త మొదట చూడవలసింది ఏ వస్తువు కథలో పని చేస్తున్నదన్నది.

పైగా సమకాలీన వేషం ఈ ప్రక్రియకు బయటినుంచి రావలసిన అవసరం లేదు. చిందు భాగవతంలో బుడ్డర్‌ఖాన్ వంటి హాస్యపాత్ర పురాణకాలాన్ని పట్టించుకోకుండా ఊరి మాటలను, ఊరి వాలకాన్ని రంగం మీదికి తెస్తుంది. పారిస్‌లో 1864లో ప్రదర్శితమైన ఆఫెన్‌బాక్ ‘లా బెల్ ఎలెన్’లో గ్రీకు వీరులందరూ నాటి పారిస్ నాగరికుల తీరులో వ్యవహరిస్తారు, అక్కడ కాలవ్యత్యయం నాటకం మొత్తానికీ వర్తిస్తుంది. మన యక్షగానంలో అది ఒకరిద్దరికి పరిమితం. కిరీటం పెట్టుకున్నవాడి పక్కన ఊరివాడు నిలబడటంలోనే దాని రుచి ఉంది. అందరికీ నేటి దుస్తులు తొడిగితే ఆ తేడా చెరిగిపోతుంది. బుడ్డర్‌ఖాన్‌కు ఇక చేయడానికి ఏముంటుంది?

మరో చిక్కు శరీరానికి సంబంధించినది. నేటి ఫ్యాషన్ ఒంటి కొలతలను అనుసరిస్తుంది. యక్షగాన వేషం ఒంటిని కప్పి దానిపై మరో రూపాన్ని నిర్మిస్తుంది. చిందు మేళాలలో స్త్రీలు పురుషపాత్రలు ధరించే సంప్రదాయం ఉంది. నిజామాబాద్ ప్రాంతానికి చెందిన చిందు ఎల్లమ్మ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. భుజకీర్తులు, కిరీటం లేకుండా ఒంటికి అతికిన దుస్తులలో నరసింహుణ్ణి నిలిపితే ప్రేక్షకుడికి ముందుగా కనిపించేది నటి. అది కూడా ఒక అర్థవంతమైన ఎంపిక కావచ్చు, కాని తెలిసి చేయాలి.

స్థానిక కళలను వాడాలన్న ఉత్సాహంలోనూ ఇదే ఎరుక అవసరం. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ తీగపని చేతిలో పట్టుకొని చూడవలసిన సొగసు. ఆరుబయట దూరంగా కూర్చున్నవారికి అది ఒక తెల్లని మెరుపు మాత్రమే. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి కర్ర సంగతి వేరు. ఆడుతూ పాడుతూ గంటల తరబడి మోయవలసిన కిరీటానికి ఆ తేలికదనమే గుణం.

అన్నిటికన్నా జటిలమైనది నాయిక దుస్తుల సమస్య. సినిమాలు, కేలండర్లు ‘అడవిపిల్ల’కు ఈకలు, పూసలు, ఆకులు అలవాటు చేశాయి. దానికి ‘ఆదివాసీ డిజైన్’ అన్న కొత్త పేరు పెట్టినంత మాత్రాన పాతదనం పోదు. ఆదిలాబాద్‌లో ఆ ప్రదర్శన చూసేవారిలో గోండులు, కొలాములు ఉంటారు. చెంచుల నెలవు నల్లమల. గోండుల దండారీలో గుస్సాడీలు ధరించే నెమలీకల టోపీ పూజలందుకునేది. గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించిన తరువాత ఆ టోపీ బొమ్మ అందరికీ పరిచితమైంది. దానిని తెచ్చి చెంచు పెద్ద తలపై పెట్టడం రెండు సమాజాల పట్లా అపచారమే. ఇక్కడ నాయకుడు పురాణపాత్ర, నాయిక జనం నేటికీ జీవిస్తున్నవారు. నాయికను మ్యూజియం బొమ్మగా నిలిపి నాయకుణ్ణి నవీనుడిగా మలిచే కూర్పు కథలోని అసమానతను రెట్టింపు చేస్తుంది.

1990ల దశకంలో బి.వి. కారంత్ సురభి కళాకారులతో చేయించిన ‘బస్తీ దేవత యాదమ్మ’ ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగినది. బ్రెహ్ట్ నాటకాన్ని తెలుగు బస్తీలోకి తెచ్చినప్పుడు మాట, చోటు, దుస్తులు కలిసే మారాయి. యక్షగానంలో దరువులు పాతవిగానే ఉంటాయి కనుక దుస్తులు ఒక్కటే ఆ భారం మోయలేవు. నరసింహుడు పూర్తి వేషంతో ప్రవేశించి, కిరీటాన్ని, భుజకీర్తులను రంగం మీదనే ఒక్కొక్కటిగా తీసి పక్కన పెడితే మార్పు కథలోనుంచే పుడుతుంది. నాయికకు 2017 నుంచి 2023 వరకు సిరిసిల్ల మగ్గాలపై నేసిన బతుకమ్మ చీర వంటిదైనా చాలు. అప్పుడు వంతపాటవారు ఆమె ఆభరణాలను వర్ణిస్తుంటే ఆ నగలేవీ ఆమె ఒంటిమీద కనిపించవు. దర్శకుడు ఆ దరువును తొలగించవచ్చు, లేదా అలాగే పాడించి, ఆ నగలెక్కడున్నాయని బుడ్డర్‌ఖాన్ చేత అడిగించవచ్చు.